సందుల్లో ఏం నింపాం?

వాక్యభాగము: లేవీయకాండము 14:33-53, యెహెజ్కేలు 13:10-16, మత్తయి 5:23-24



ప్రభువు కృపను బట్టి కాపరి ఇంట్లో బాత్రూం పని పూర్తయింది. కానుకలిచ్చినవారు, సిమెంటు బస్తాలు మోసినవారు, ప్రార్థించినవారు వచ్చి చూసి వెళ్తున్నారు. చూసినవారిలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అయ్యగారూ, పలకల మధ్య అంతంత సందులు ఎందుకు వదిలారు? దగ్గరగా పెట్టి తెల్ల సిమెంటు పూస్తే నీటుగా ఉండేది కదా?" ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదది. అందుకే రాస్తున్నాం. ఇందులో మేము ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటుంది.

పని ఎందుకు మొదలైందో ముందు చెబుతాం. మా అమ్మకు ఎనభై దాటాయి. చూపు బాగా మసకబారింది. పాత బాత్రూంకు జానెడు ఎత్తు గడప ఉండేది. 2023 క్రిస్మస్ అయిన వారానికి ఆ గడప తట్టుకుని పడింది. ఎముక విరగలేదు, దేవునికి స్తోత్రం. కానీ ఆ రోజు నుంచి ఆమెకు నీళ్ల గది అంటేనే భయం పట్టుకుంది. "స్నానం ఎందుకులే నాయనా, తడిగుడ్డతో తుడుచుకుంటా" అనేది. జీవితమంతా తెల్లవారుజామునే తలారా స్నానం చేసి ప్రార్థనకు కూర్చున్న మనిషి ఆ మాట అంటే మాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. గడప తీసేయాలి, కూర్చుని స్నానం చేసేలా కుర్చీ వేయాలి, చేతికందే షవరు, పట్టుకోవడానికి కడ్డీ పెట్టాలి. అనుకున్నది అంతే.

అయితే ఆ గదికి ఇంకో జబ్బు ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న మనకు మూడు అంకెలు చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. 2022 జూలై 16న అది 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు మనం చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నది వైపు వీధులు మునిగాయి. మా ఇంటి వెనక గోడ కూడా రోజుల తరబడి నీళ్లలో నానింది.

నీరు తీశాక ఆ గోడ లోపలివైపు టైల్స్ సందుల్లో నల్లటి చారలు పుట్టాయి. మేమేం చేశాం? కిలో తెల్ల సిమెంటు తెచ్చి, గిన్నెలో కలిపి, వేలితో సందుల్లో పూశాం. కొన్ని వారాలు తెల్లగా మెరిసింది. తర్వాత వెంట్రుకంత పగుళ్లు. మళ్లీ నలుపు. మళ్లీ కిలో సిమెంటు. రెండేళ్లు నిండేలోపు నాలుగుసార్లు పూశాం. పూసిన ప్రతిసారీ పని అయిపోయిందనే అనుకున్నాం.

ఇక ఈ పలకల సంగతి. మన సంఘ యువకుడొకరు కట్టడం పనులకు తమిళనాడు వెళ్లి, అక్కడ ఒక ఇంట్లో మిగిలిపోయిన ఆత్తంగుడి పలకలను యజమానిని అడిగి, లారీలో వేయించి పంపాడు. "అమ్మమ్మ గదికి కానుక" అన్నాడు. ఆత్తంగుడి అనేది శివగంగ జిల్లాలో, కారైకుడి దగ్గర ఊరు. అక్కడ ఈ పలకలను ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. గాజు పలక మీద ఇనుప అచ్చు పెట్టి, రంగు కలిపిన సిమెంటును గడిగడికీ పోస్తారు. దాని వెనక ఇసుక, సిమెంటు దట్టించి, ఆరాక కొన్ని రోజులు నీళ్ల తొట్టిలో నానబెడతారు. కొలిమి లేదు, కాల్చడం లేదు. ఆ మెరుపు గాజు నుంచి వచ్చేదే. మా వాడు పంపినవి మిగులు సరుకు కాబట్టి పూలు కొన్ని, చుక్కలు కొన్ని, ఏ బొమ్మా లేనివి కొన్ని.

వాటిని మందిరం వరండాలో పరిచి మేస్త్రీకి చూపించాం. ఆయన పాల్వంచ నుంచి వస్తాడు. మన సంఘస్తుడు కాదు. ముక్కోటికి వంతెన దాటి భద్రాచలం వెళ్లే మనిషి. పలకలను ఒక్కొక్కటీ ఎత్తి, అంచు మీద బొటనవేలు నడిపి, రెండేసి చొప్పున వెన్నుకు వెన్ను ఆనించి చూశాడు. "ఏ రెండూ ఒక్కలా లేవండి అయ్యగారూ. ఒకటి నూలుపోగంత పెద్దది, ఒకటి చిన్నది. మందం కూడా తేడా. మోర్బీ నుంచి వచ్చే ఫ్యాక్టరీ టైలైతే మిషను కోసిన అంచు, సందు లేనట్టే పెట్టొచ్చు. వీటిని అలా పెడితే మూడో వరసకే గీత తప్పుద్ది" అన్నాడు. తేడాలన్నీ సందులోనే సర్దుకోవాలని, కనీసం నాలుగు మిల్లీమీటర్లు వదలాలని చెప్పాడు. నేల మీద మాత్రం వీటిని వద్దన్నాడు. సబ్బు నీళ్లు పడితే జారతాయి. నేలకు గరుకు టైల్సు, గోడకు ఈ పలకలు అని తేల్చాడు.

సందులో ఏం నింపాలన్నది పెద్ద చర్చే అయింది. సంఘ పెద్దలిద్దరు తెల్ల సిమెంటే చాలన్నారు. ఒక తమ్ముడు ఎపాక్సీ కావాలన్నాడు. మరొకరు మురికి కనబడకుండా నల్ల గ్రౌటు పెట్టమన్నారు. మేస్త్రీ ఎవరితోనూ వాదించలేదు. పగిలిన పలక ముక్కలను ఒక చెక్క మీద అతికించి, ఒక్కో సందులో ఒక్కోటి నింపి ఎండబెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆ చెక్కే మాకు జవాబు చెప్పింది. తెల్ల సిమెంటులో ఇసుక ఉండదు కాబట్టి వెడల్పు సందులో ఆరుతూ ముడుచుకుని చీలింది. నల్ల గ్రౌటును వెంటనే తుడిచినా లేత రంగు పలక అంచు ఆ నలుపును తాగేసింది. సిమెంటు పలకకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి మరి. ఎపాక్సీ గట్టిదే, నీళ్లు పీల్చదు, మరక పట్టదు. కానీ ఈ గరుకు అంచుల మీద దాని పొర జిగురులా పట్టుకుని ఎంత తుడిచినా పోలేదు. ఖరీదు కూడా ఎన్నో రెట్లు. నిలబడింది ఇసుక కలిసిన సిమెంటు గ్రౌటు. అదీ పలక వెనక భాగపు బూడిద రంగుకు దగ్గరగా ఉన్నది. ముందుగా పలకలకు రెండు పూతలు సీలరు వేసి, ఆరాకే సందులు నింపాలి. సీలరు ఇక్కడ దొరక్క ఖమ్మం నుంచి బస్సులో తెప్పించాం. మూలల్లో మాత్రం గ్రౌటు పెట్టకూడదట. రెండు గోడలు కలిసే చోట ఎండకు ఒకటి, చలికి ఒకటి కదులుతూనే ఉంటాయి. అక్కడ సాగే గుణమున్న సిలికాన్ పెట్టాలి.

ఇదంతా విని మేము సంతోషపడి, "సరే, మంచి గ్రౌటు దొరికింది, ఇక చెమ్మ రాదు" అన్నాం. మేస్త్రీ మా వైపు జాలిగా చూశాడు.

"గ్రౌటుతో నీళ్లు ఆగవండి అయ్యగారూ. గ్రౌటు పలకల్ని పట్టుకుంటది, అంతే. ఎంత మంచిదైనా కాస్త నీళ్లు లోపలికి పోతనే ఉంటయి. ఆపాల్సింది దాని వెనక ఉన్నది. ముందు గోడ ఇప్పుదాం."

మర్నాడు పాత టైల్సు, పాత గిలాబా అంతా కొట్టించాడు. లోపల చూసినది రాయడానికి సిగ్గుగా ఉంది. మేము నాలుగుసార్లు తెల్లగా పూసిన చోట, ఆ తెలుపు వెనకే, ఇటుక నల్లగా చివికిపోయి ఉంది. గోరుతో గీకితే రాలుతోంది. బూజు వాసనకు మా ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రెండేళ్లుగా మా అమ్మ స్నానం చేసింది ఆ గోడ పక్కనే.

సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో లేవీయకాండము 14వ అధ్యాయం చివరి భాగం మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఇంటి గోడకు పట్టిన పొడ గురించి దేవుడు అన్ని వచనాలు ఎందుకు పలికాడా అనుకునేవాళ్లం. ఆ రోజు శిథిలాల మధ్య నిలబడి దాన్ని మళ్లీ చదివాం. యాజకుడు వచ్చి గోడ చూస్తాడు. ఏడు రోజులు ఇల్లు మూయిస్తాడు. మళ్లీ చూస్తాడు. పొడ పాకితే ఆ రాళ్లను ఊడదీయించి ఊరి బయట పారేయిస్తాడు. గోడంతా గీకిస్తాడు. వేరే రాళ్లు, వేరే అడుసు పెట్టిస్తాడు. మేము గమనించింది ఏమంటే, పాత దాని మీద పూయమని ఎక్కడా లేదు. పైపైన పూసేవారి గురించి దేవుడు మాట్లాడింది యెహెజ్కేలు 13లో. బలం లేని గోడకు గచ్చుపూత పూసి, సమాధానం లేని చోట సమాధానమని చెప్పిన ప్రవక్తల మీద ఆయన కోపగించుకున్నాడు.

చివికిన ఇటుకలు తీసి కొత్తవి కట్టారు. కొత్త గిలాబా అయింది. నీళ్లు జాలీ వైపు వెళ్లేలా నేలకు వాటం పెట్టారు. దాని మీద నీరు దిగని పూత రెండు వరసలు వేశారు. అప్పుడు మేస్త్రీ జాలీకి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, ఇటుకతో గోడ మీద గీత గీశాడు. "రేపు ఇదే వేళకు చూద్దాం" అన్నాడు.

మర్నాడు గీత కంటే నీళ్లు కిందికి దిగాయి. బయట గోడకు, పైపు వెళ్లే చోట, అరచేయంత చెమ్మ. మాకు మనసు కుంగింది. వేసవి దాటితే వానలు. చేతిలో డబ్బు అయిపోవస్తోంది. "చిన్న చెమ్మే కదా, పలకలు వేసేయకూడదా?" అని మేమే అడిగాం. అవును, ఆ మధ్యే లేవీయకాండము చదివిన మేమే.

మేస్త్రీ మాట్లాడలేదు. చెమ్మ దగ్గర కూర్చుని వేలితో తాకి చూశాడు. తర్వాత, తన కింద పనిచేసే కుర్రాళ్లు వింటుండగానే, "ఇది నా తప్పండి. పైపు చుట్టూ పూత నేనే దగ్గరుండి వేయించాలి, వేయించలేదు. నా చేతి పని, నేనే తీస్తా. ఈ రోజు కూలి మీరు ఇవ్వొద్దు" అని సుత్తి తీసుకున్నాడు. సాకు చెప్పలేదు. కుర్రాళ్ల మీదికి తోయలేదు. మాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

ఎందుకు కష్టమైందో ఇప్పుడు చెప్పాలి.

2022 వరద తర్వాత మన సంఘానికి బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు వచ్చిన సంగతి మీకు తెలుసు. పంచే జాబితా రాసింది మేమే. నది వైపు వీధిలో ఉండే ఒక విధవరాలైన సహోదరి పేరు అందులో లేదు. ఆమె వచ్చి అడిగింది. "చూస్తాలేమ్మా" అన్నాం. ఆ తర్వాత ఆమె ఆరాధనకు రావడం మానేసింది. ఆమెతోపాటు ఆ వీధిలో ఇంకో రెండు కుటుంబాలు పలచబడ్డాయి. సంఘంలో గుసగుసలు పుట్టాయి. మేమేం చేశాం? ఐక్యత మీద ఒక ప్రసంగం చేశాం. అందరినీ నిలబెట్టి చేతులు కలిపించి ప్రార్థించాం. ఫొటో తీయించాం. కొన్నాళ్లకు మళ్లీ గుసగుస. మళ్లీ ఐక్యత కూడిక. ఎన్నిసార్లు అలా చేశామో లెక్కపెడితే, తెల్ల సిమెంటు లెక్కకు పెద్ద తేడా లేదు. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా జాబితా పుస్తకం తెరవలేదు.

మేస్త్రీ పైపు చుట్టూ మళ్లీ పూత వేసి, ఆరనిచ్చి, రెండోసారి నీళ్లు నిలబెట్టాడు. ఆ ఇరవై నాలుగు గంటల్లో మేము బీరువా తెరిచి ఆ పుస్తకం తీశాం. ఆమె పేరు ఉంది. వీధి వీధి తిరిగి రాసుకున్న మొదటి కాగితంలో ఉంది. శుభ్రంగా తిరగరాసేటప్పుడు ఒక పేజీ దాటిపోయింది. అందులో మూడు పేర్లున్నాయి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ పక్షపాతం చూపలేదు. తొందరలో మేము ఒక పేజీ తిప్పలేదు, అంతే. ఆమె అడిగిన రోజున పది నిమిషాలు చూసి ఉంటే తేలిపోయేది.

ఆ సాయంత్రమే ఇద్దరం వెళ్లాం. తునికాకు రోజులు. ఆమె తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, వాకిట్లో కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కడుతోంది. కూర్చోమని పీట వేసింది. మంచినీళ్లు ఇచ్చింది. పుస్తకం తెరిచి చూపించాం. తప్పు మాదే అని చెప్పాం. సరిదిద్దడానికి రెండేళ్లు ఆలస్యమైందని, అది ఇంకా పెద్ద తప్పని చెప్పాం.

ఆమె కట్ట కట్టడం ఆపలేదు. చాలాసేపటికి అంది: "బియ్యం గురించి కాదు అయ్యగారూ. బియ్యం ఎట్లనో వచ్చినయి. మీరు చూస్తానన్నరు. నేను నెల రోజులు ఎదురుచూసిన. మీరు చూడలే."

మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేయమంటారా అని అడగబోయి ఊరుకున్నాం. ప్రార్థనను కూడా పూతలా వాడటం మాకు అలవాటైపోయిందని ఆ క్షణంలో తెలిసింది. ఇంకో రెండు ఇళ్లకూ వెళ్లి అదే మాట చెప్పి వచ్చాం. అర్పణ బలిపీఠం దగ్గర వదిలి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో! ఆ దారిన మొదటిసారి నడిచింది ఆ సాయంత్రమేనేమో.

మర్నాడు నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.

తర్వాతి పని నెమ్మదిగా సాగింది. పలకలు అతికించడం, సీలరు పూయడం, ఆరనివ్వడం. సందులు నింపే రోజున మేస్త్రీ తెల్లవారకముందే వచ్చాడు. మన మే నెల ఎండకు గ్రౌటు ఆరడం కాదు, మాడిపోతుంది. కిటికీకి తడి గోనెసంచి కట్టాడు. నీళ్లు కొలిచి కలిపాడు. సగం అయ్యేసరికి బేసిన్‌లోది గట్టిపడుతుంటే కుర్రవాడు చెంబుతో నీళ్లు పోయబోయాడు. మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. గట్టిపడుతున్న దాంట్లో మళ్లీ నీళ్లు పోస్తే అప్పటికి మెత్తబడుతుంది గానీ తర్వాత సుద్దలా రాలిపోతుందట. మిగిలినది పారేసి కొత్తది కలిపాడు. రబ్బరు తాపీతో సందుకు అడ్డంగా, ఐమూలగా నొక్కి నింపాడు. పిండిన స్పాంజితో తుడిచాడు. తర్వాత మూడు రోజులు పొద్దున, సాయంత్రం తేలికగా నీళ్లు చల్లమని మాకు అప్పగించాడు. "ఇది తొందరపెడితే వినదండి" అన్నాడు.

ఆ వారం ఆరాధనలో జాబితా సంగతి సంఘం ముందు చెప్పాం. కొందరు పెద్దలకు నచ్చలేదు. కాపరి తన తప్పు బయట చెప్పుకుంటే గౌరవం తగ్గుతుందని వారి భయం. వారి ప్రేమ మాకు తెలుసు. కానీ గోడ లోపల చూశాక మాకు ఆ భయం కంటే ఈ భయం ఎక్కువైంది. ఇకమీదట సంఘంలో ఏ సహాయం పంచినా జాబితాను అందరి ముందు చదివి, పలకపై అతికించాలని అదే రోజు తీర్మానించుకున్నాం.

ఆ సహోదరి తునికాకు పని ముగిశాక ఒక ఆదివారం వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చుంది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది. ఆశీర్వాదం కాగానే వెళ్లిపోతుంది. మాతో ఎక్కువ మాట్లాడదు. మేము తొందరపెట్టడం లేదు. దయచేసి మీరెవరూ ఆమెను పట్టుకుని సాక్ష్యం చెప్పమని అడగవద్దు. మిగిలిన రెండు కుటుంబాల్లో ఒకరు వస్తున్నారు, ఒకరు ఇంకా రాలేదు. వారి కోసం ప్రార్థించండి. మా కోసం కూడా.

ప్రియులారా, సంఘం ఫ్యాక్టరీ టైల్సు కాదు. ఇది చేత్తో చేసిన పలకల గోడ. కాగితపు మిల్లులో పర్మినెంటు ఉద్యోగి ఉన్నాడు, కాంట్రాక్టు కూలీ ఉన్నాడు, అడవి పల్లెల నుంచి నడిచి వచ్చే కోయ సహోదరులు ఉన్నారు. ఏ ఇద్దరి అంచులూ ఒక్కలా లేవు. సందు లేకుండా అతికించాలని చూస్తే ఎక్కడో ఒకచోట గీత తప్పుతుంది. సందు ఉండటం తప్పు కాదు. దాన్ని దేనితో నింపామన్నదీ, దాని వెనక ఏముందన్నదీ మాత్రం చూసుకోవాలి. మీ ఇంట్లో, అన్నదమ్ముల మధ్య, అత్తాకోడళ్ల మధ్య ఎక్కడైనా అదే నల్ల చార మళ్లీ మళ్లీ వస్తుంటే, ఇంకో కిలో తెల్ల సిమెంటు కొనకండి. ఒకసారి గోడ ఇప్పి చూడండి.

చివరగా ఒక మనవి. మా ఇంటికి వచ్చి ప్రేమతో బాత్రూం కడిగిపెట్టే సహోదరీలారా, దయచేసి యాసిడ్ వాడకండి. యాసిడ్ ఈ పలకల్ని, గ్రౌటును రెండింటినీ తినేస్తుంది. సబ్బు నీళ్లు చాలు. తలుపు మీద కాగితం కూడా అంటించాం.

మా అమ్మ ఇప్పుడు రోజూ స్నానం చేస్తోంది. మొదటి రోజు మా ఇంటావిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, ఆమె గోడ మీద అరచేయి ఆనించి వేళ్లతో సందులు తడుముకుంది. చూపు లేని మనిషికి ఆ వెడల్పు సందులే దారి చూపుతున్నాయి. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ వెళ్తుంది. తలుపు నుంచి ఆరో సందు దగ్గర పట్టుకునే కడ్డీ ఉంటుంది. నిన్న తెల్లవారుజామున ఎవరినీ లేపకుండా తనే వెళ్లి స్నానం చేసి, తడి జుట్టుతో ప్రార్థనకు కూర్చుంది.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ అందరికీ తోడైయుండును గాక. ఆమేన్.